‘ఏ’ పెట్టాలా, ‘ఈ’ పెట్టాలా?

మొన్న సాయంత్రం పెరుగు కోసం వీధి చివరిదాకా వెళ్ళానండీ. అక్కడ కొత్తగా ఒక కొట్టు తెరుస్తున్నారు. పిల్లల నోటు పుస్తకాలు, పెన్నులు, చార్టులు, ఒక మూల జెరాక్సు మిషను. ఫ్లెక్సీ వద్దని, బోర్డు చేత్తోనే రాయిస్తున్నాడు ఓనరు. పెయింటరు నిచ్చెన మీద ఉన్నాడు. సుద్ద పూసిన దారాన్ని ఈ చివరా ఆ చివరా బిగించి, మధ్యలో పట్టి లాగి వదిలితే టప్పున తెల్లగీత పడుతుంది, చూశారా ఎప్పుడైనా? అలాంటి గీతల మధ్య పై వరసలో ‘స్టేషనరీ’ అని తెలుగులో ముచ్చటగా రాసేశాడు. కింది వరసలో ఇంగ్లీషు మొదలుపెట్టి, ‘ఎన్’ దాకా వచ్చి, కుంచె డబ్బా అంచున ఆనించి నా వైపు తిరిగాడు.

‘‘మాస్టారూ, ఇక్కడ ‘ఏ’ పెట్టాలా, ‘ఈ’ పెట్టాలా?’’

ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పినవాణ్ణి. ఆ ప్రశ్న వినగానే నాకెంత సంతోషం కలిగిందో మీకెలా చెప్పను! తెలియకపోతే ఏదో ఒకటి రాసేసి దిగిపోవచ్చు కదా. ఆగి అడిగాడు. తన చేతి మీదుగా తప్పు గోడకెక్కకూడదన్న పట్టింపు ఉన్న మనిషి.

ఒక్క సంగతి గమనించారా? పై వరసలో అతనికి ఈ అనుమానమే రాలేదు. వచ్చే అవకాశమే లేదు. మనం విన్నది విన్నట్టు రాసుకుంటాం. కదలకుండా నిలబడ్డ బస్సూ తెలుగు అక్షరాల్లో స్టేషనరీయే, కాగితాలూ కలాలూ స్టేషనరీయే. ఇంగ్లీషులోకి వెళితేనే మొదటిదానికి ‘ఏ’, రెండోదానికి ‘ఈ’. మనవాళ్ళు ఇంగ్లీషు మాటల్లో చాలా వాటిని ముందు చెవితో నేర్చుకుంటారు, తర్వాతెప్పుడో కంటితో చూస్తారు. అందుకే ఈ జంటల దగ్గర తడబాటు. అది తెలివితక్కువతనం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

‘‘ఈ’’ అని ఒక్క అక్షరం చెప్పి నా దారిన నేను పోవచ్చు. అలా చెబితే ఇంకో కొట్టు దగ్గర మళ్ళీ ఇదే అనుమానం వస్తుంది. అందుకని ‘‘బేకరీ బోర్డు ఎప్పుడైనా రాశావా?’’ అని అడిగాను.

‘‘బోలెడు రాశానండీ.’’

‘‘అందులో ‘ఆర్’కి ముందు ఏముంది?’’

‘‘ఈ.’’

‘‘రొట్టెలు చేసే బేకర్‌ది బేకరీ. అలాగే స్టేషనర్ అనే ఆయన అమ్మేది స్టేషనరీ.’’

అతను కుంచె తీసుకోబోయి మళ్ళీ ఆగాడు. ‘‘స్టేషనర్ అంటే ఎవరండీ?’’

ఇదీ అడగాల్సిన ప్రశ్న. వెనకటి రోజుల్లో యూరప్‌లో చిన్న వర్తకుల్లో చాలామంది సరుకు మోసుకుని ఊరూరా తిరిగేవాళ్ళు, మన గాజుల మలారం వాళ్ళలాగా. పుస్తకాల వ్యాపారం అలా కుదరదు. విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్ళోనో, పెద్ద చర్చి పక్కనో ఒకచోట కొట్టు వేసుకుని కూర్చోవాలి. అలా స్థిరంగా ఉండి అమ్మేవాణ్ణి లాటిన్‌లో ‘స్టేషనారియస్’ అన్నారు. అదే ఇంగ్లీషులో స్టేషనర్ అయింది. లండన్‌లో సెయింట్ పాల్స్ కేథడ్రల్ చుట్టూ వీళ్ళ కొట్లు ఉండేవి. 1403లో అక్కడివాళ్ళు ఒక సంఘంగా ఏర్పడ్డారు, 1557లో ఆ సంఘానికి రాచ సన్నదు కూడా వచ్చింది. స్టేషనర్స్ కంపెనీ అనే పేరుతో అది ఇప్పటికీ ఉంది. మొదట్లో స్టేషనర్ అంటే పుస్తకాల మనిషి. పోను పోను కాగితం, సిరా, కలం అమ్మే మనిషి అయ్యాడు. అతని సరుకు స్టేషనరీ.

నిచ్చెన మీది మనిషి ఒక్క క్షణం ఆలోచించి, ‘‘అయితే కదలకుండా ఉండే స్టేషనరీ, ఈ స్టేషనరీ ఒక తల్లి బిడ్డలేనన్నమాట’’ అన్నాడు.

అవునండీ, అక్షరాలా అంతే. ఈ రోజు మీతో చెప్పాలని కూర్చున్న మాట కూడా ఇదే. మనల్ని తికమక పెట్టే ఇంగ్లీషు జంటల్లో చాలావరకు దారిన పోతూ పోలిక కుదిరిన పరాయివాళ్ళు కారు, ఒకే ఇంట పుట్టి వేరుపడ్డవాళ్ళు. ఎక్కడ వేరుపడ్డారో తెలిస్తే ఎవరు ఎవరో బట్టీ పట్టే అవసరం ఉండదు. పైగా ఆ ఇల్లు మనకి మరీ దూరం కూడా కాదు. లాటిన్‌లో నిలబడటానికి ఉన్న ‘స్టా’, సంస్కృతంలోని ‘స్థా’ ఒకే వేరు నుంచి వచ్చినవి. స్థానం, స్థిరం, స్థావరం, చివరికి పోలీసు ఠాణా, అన్నీ ఆ చెట్టు కొమ్మలే. రైల్వే స్టేషన్ సరేసరి.

ఇది నేను నా పిల్లలకి ఆలస్యంగా చెప్పాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి తప్పు కనబడితే యాభైసార్లు ఇంపోజిషన్ రాయించేవాణ్ణి. ఒకసారి తొమ్మిదో తరగతి పిల్ల యాభైసార్లూ తప్పు స్పెల్లింగే గుండ్రంగా, శ్రద్ధగా రాసి తెచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది. చెయ్యి నొప్పి పుట్టిందే తప్ప ఆ పిల్లకి నేను ఇచ్చిందేమీ లేదు. ఆ తర్వాత ఇంపోజిషన్ మానేసి కథ చెప్పడం మొదలుపెట్టాను.

ప్రిన్సిపల్ సంగతి తీసుకోండి. చివర ‘ఏ ఎల్’ వస్తే కాలేజీ పెద్ద, ‘ఎల్ ఈ’ వస్తే నియమం, సూత్రం. ‘పాల్ అంటే స్నేహితుడు, ప్రిన్సిపల్‌గారు మీ స్నేహితుడు’ అని బళ్ళో ఒక చిట్కా చెబుతారు. అది కాలేజీ గేటు దాకానే పనికొస్తుంది. బ్యాంకుకి వెళితే అప్పు కాగితంలో అసలుకి కూడా అదే ‘ఏ ఎల్’ స్పెల్లింగు ఉంటుంది. చిట్కా అక్కడ ఆగిపోతుంది, కథ ఆగదు. ‘ఏ ఎల్’ వచ్చే మాట మొదట విశేషణం. దానర్థం ‘ప్రధాన’. ప్రధానమైన ఉపాధ్యాయుడు, ప్రధానమైన సొమ్ము. వాడగా వాడగా వెనకున్న మాట రాలిపోయి ముందుదే మిగిలింది. మనం ‘ప్రధాన మంత్రి’ని ‘ప్రధాని’ అని ఊరుకుంటున్నామే, అలాగ. వడ్డీ అనేది తర్వాత వచ్చి చేరేది, అసలు మొదటిది. రెండో మాట లాటిన్‌లో ‘ఆరంభం’ అనే మాట నుంచి వచ్చింది. దేని మీద నిలబడి మిగతాదంతా మొదలవుతుందో అది సూత్రం. రెండింటికీ తల్లి ‘మొదటివాడు’ అనే అర్థం ఉన్న లాటిన్ మాట. ప్రిన్స్ కూడా అక్కడి నుంచి వచ్చినవాడే.

ప్రధానం అన్నాను కాబట్టి మన ఇంటి సంగతి కూడా ఒకటి చెప్పుకుందాం. స్కూలు వార్షికోత్సవాల బ్యానర్ల మీద ‘బహుమతి ప్రధానోత్సవం’ అని ఎన్నిసార్లు చూశానో! ఇవ్వడం ప్రదానం, దానికి ఒత్తు లేదు. ఒత్తు పెడితే ముఖ్యమైనది అనో, పెళ్ళికి ముందు జరిగే ప్రధానం వేడుక అనో అర్థం. అర్థం, అర్ధం కూడా అంతే. కడుపులో చుక్క ఉంటే భావం, లేకపోతే సగం. అర్ధరాత్రికి ఆ చుక్క పెట్టి అచ్చేసిన పుస్తకాలు నా బీరువాలోనే ఉన్నాయి. ఒక్క చుక్క దగ్గర మన భాషలో మనమే తడబడుతున్నప్పుడు, పరాయి భాషలో ‘ఏ’కీ ‘ఈ’కీ తడబడ్డ పిల్లవాణ్ణి చూసి నవ్వడం ఏం న్యాయం చెప్పండి?

ఇక చెక్కు కథ. ఇది నాకు ప్రాణం, కాస్త నిదానంగా చెప్పనివ్వండి.

మన నోట చెక్కు ఎన్ని రకాలుగా పలుకుతుందో చూడండి. బ్యాంకు చెక్కు. టికెట్లు చెక్ చేయడం. ఊరి పొలిమేరలో చెక్‌పోస్టు. ప్రత్యర్థికి చెక్ పెట్టాడని పేపర్లో హెడ్డింగు. చెక్స్ చొక్కా. (కూరగాయల చెక్కు తీయడం, చెక్కు చెదరకుండా ఉండటం మన సొంత తెలుగు, ఆ వంశం వేరు.) ఈ అయిదూ ఒక్క మనిషి నుంచి వచ్చాయంటే నమ్ముతారా? ఆ మనిషి చదరంగం బల్ల మీది రాజు.

చతురంగం మన దేశం నుంచి పర్షియాకి వెళ్ళింది. అక్కడ రాజుని ‘షా’ అంటారు. రాజు ప్రమాదంలో పడితే ఎదుటివాడు ‘షా’ అని హెచ్చరించాలి. ఆ కేక అరబ్బుల మీదుగా ఫ్రెంచికి చేరేసరికి మారిపోయింది, ఇంగ్లీషుకి వచ్చేసరికి ‘చెక్’ అయింది. ‘షా మాత్’ చెక్‌మేట్ అయింది. చెక్ అనగానే రాజు ఆగాలి, తన సంగతి చూసుకోవాలి. అందుకని చెక్ అంటే ఆపడం, అడ్డుకోవడం అయింది. ఆపి చూస్తాం కాబట్టి తనిఖీ చేయడం కూడా అయింది. ఆట ఆడే గళ్ళ బల్ల పేరు గళ్ళ బట్టకి వచ్చింది.

మరి డబ్బు ఎక్కడ చేరింది? 12వ శతాబ్దంలో ఇంగ్లండు రాజుగారి ఖజానాలో లెక్కలు చూసే బల్ల ఒకటి ఉండేది. ఆ ఖజానాలో పనిచేసిన రిచర్డ్ ఫిట్జ్‌నీల్ దాన్ని ఒక పుస్తకంలో వర్ణించాడు. పది అడుగుల పొడవు, అయిదు అడుగుల వెడల్పు. దాని మీద గీతలు గీసిన నల్ల గుడ్డ. జిల్లాల నుంచి అధికారులు తెచ్చిన శిస్తుని ఆ గుడ్డ మీద బిళ్ళలు పేర్చి, ఒక వరసలో పెన్నీలు, ఒక వరసలో షిల్లింగులు, ఒక వరసలో పౌండ్లు అని జరుపుతూ లెక్క తేల్చేవారు. ఇటు ఖజానా మనిషి, అటు లెక్క అప్పజెప్పే మనిషి, మధ్యలో గళ్ళ గుడ్డ. అచ్చం చదరంగం ఆడుతున్నట్టే ఉండేది. అందుకే ఆ ఖజానాకి ‘ఎక్స్‌చెకర్’ అని పేరు పడింది. బ్రిటన్ ఆర్థిక మంత్రిని ఇవాళ్టికీ ఛాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్ అనే పిలుస్తారు.

18వ శతాబ్దానికి వచ్చేసరికి బ్యాంకు కాగితాల్లో మోసం జరగకుండా సరిచూసుకోవడానికి ఉంచుకునే సగం ముక్కని ‘చెక్’ అన్నారు. తర్వాత ఆ పేరు అసలు కాగితానికే వచ్చింది. ఎక్స్‌చెకర్ పోలికతో బ్రిటన్‌లో దాని చివర ‘క్యూ యు ఈ’ చేరింది. తనిఖీకి మాత్రం పాత ‘సి కె’ మిగిలింది. అమెరికాలో ఆ తోక తగిలించుకోలేదు, అన్నింటికీ ‘సి కె’ తోనే రాస్తారు. మా మేనకోడలు డల్లాస్‌లో ఉంటుంది. దాని కొడుకు సెలవులకి వచ్చినప్పుడు నా చెక్కు పుస్తకం చూసి ‘‘తాతయ్యా, ఇది తప్పు కదా’’ అన్నాడు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని చదరంగం బల్ల తీశాను. వాడికి రాజు పేరు షా అని తెలిశాక, రెండు స్పెల్లింగులూ ఒప్పేనని తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు.

ప్రాక్టీసు, లైసెన్సు దగ్గర కూడా అమెరికాకి, మనం నేర్చుకున్న బ్రిటిష్ పద్ధతికి తేడా ఉంది. మన పద్ధతిలో నామవాచకానికి ‘సి’, క్రియకి ‘ఎస్’. అడ్వైస్‌లో చెవికి కూడా ఆ తేడా వినబడుతుంది కాబట్టి దాన్ని పట్టుకుని మిగతా రెండూ గుర్తుపెట్టుకోవచ్చు. అమెరికాలో ప్రాక్టీసుకి రెండు చోట్లా ‘సి’, లైసెన్సుకి రెండు చోట్లా ‘ఎస్’. రెండు దేశాల మధ్య తిరిగే పిల్లలున్న ఇళ్ళలో ఇది తెలిసి ఉండటం మంచిది.

అసలు ఒకే మాటకి రెండు స్పెల్లింగులు ఎందుకు వచ్చాయంటారా? చేతిరాత రోజుల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు రాసుకునేవాళ్ళు. విలియం కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మినిస్టర్‌లో ఇంగ్లండు తొలి అచ్చుయంత్రం పెట్టాడు. అచ్చు వచ్చాక కూడా స్పెల్లింగు కుదురుకోవడానికి చాలా కాలం పట్టింది. కుదురుకునేటప్పుడు, వాడుకలో ఉన్న రెండు రూపాల్లో ఒకటి ఒక అర్థానికి, ఇంకొకటి మరో అర్థానికి పంచిపెట్టుకున్నారు. లోహం అనే మెటల్‌నే మనిషిలోని సత్తాకీ వాడేవాళ్ళు. తర్వాత సత్తాకి వేరే స్పెల్లింగు ఇచ్చి విడదీశారు. ‘ఉక్కులాంటి మనిషి’ అని మనం కూడా అంటాం కదా. హ్యూమన్ అన్నది ఒకటే మాట. చివర ‘ఈ’ తగిలించిన రూపాన్ని దయకి కేటాయించారు. ఆస్తి పంపకం లాంటిదే ఇది కూడా.

పెళ్ళి శుభలేఖల్లో చివర ‘విత్ బెస్ట్ కాంప్లిమెంట్స్ ఫ్రమ్ నియర్ అండ్ డియర్’ అని వేస్తారు చూడండి, అక్కడో జంట పొంచి ఉంటుంది. మా ఇంట్లో ఒక పెళ్ళికి శుభలేఖ ప్రూఫు నేనే దిద్దాను. ఆ మాట మధ్యలో ‘ఐ’ ఉండాల్సిన చోట ‘ఈ’ ఉంది. డీటీపీ కుర్రాడితో చెబితే, ‘‘ఎర్రగీత రాలేదు కదండీ’’ అన్నాడు. రాదు మరి. రెండూ ఒప్పు మాటలే, కంప్యూటరు ఏదీ తప్పనదు. మనకి ఏది కావాలో అది మనకే తెలియాలి. ‘ఈ’ ఉన్నది పూర్తి చేసేది, లోటు తీర్చేది. ‘ఐ’ ఉన్నది మెప్పు, అభినందన. ముద్దపప్పుకి ఆవకాయ ‘ఈ’ కాంప్లిమెంటు. అది తిని ‘‘అమృతంలా ఉందమ్మా’’ అంటే ‘ఐ’ కాంప్లిమెంటు. ఇవి కూడా నింపడం అనే అర్థం ఉన్న ఒకే లాటిన్ మాట బిడ్డలు. ఒకటి నేరుగా వచ్చింది. రెండోది ఇటలీ, ఫ్రాన్సుల్లో మర్యాదలు నేర్చుకుని వచ్చింది. ఎదుటివారి పట్ల మన మర్యాద మనం నెరవేర్చడం, పూర్తి చేయడం అన్నమాట. ‘ఈ’ ఉన్నది కంప్లీట్‌కి దగ్గర చుట్టమని గుర్తుంచుకుంటే చాలు, ఇక మర్చిపోరు.

అన్నీ ఒక తల్లి బిడ్డలేనని అనుకోకండి. పాల డెయిరీకి, రోజూ రాసుకునే డైరీకి చుట్టరికం లేదు. ఎడారికి ఒక ‘ఎస్’, భోజనం చివర తినే తీపికి రెండు. ఆ రెండోది ఫ్రెంచిలో బల్ల మీద గిన్నెలు తీసేయడం అనే మాట నుంచి వచ్చింది. గిన్నెలు తీసేశాక పెట్టేది కాబట్టి ఆ పేరు. మన బంతిలో తీపి ముందే వడ్డించి పెరుగుతో ముగిస్తాం. మన బూరెకి ఆ పేరు ఎలా అతుకుతుంది?

సరే, నిచ్చెన దగ్గరికి వద్దాం. ‘ఈ’ పెట్టి, ‘ఆర్’, ‘వై’ ముగించి, ‘వై’ తోకని కిందికి కాస్త సాగదీసి దిగాడు పెయింటరు. కిరసనాయిలు డబ్బాలో కుంచె ఝాడిస్తూ, ‘‘రేపు పిండిమర బోర్డు ఉందండీ. పాతదాని మీద డబుల్ ఓ ఉంది. అదే దింపెయ్యమన్నారు’’ అన్నాడు.

డబుల్ ఓ పెడితే అది నేల. మరి ఇంగ్లీషులో పిండిని ఏమంటారు? పువ్వు అంటారు. నిజంగానే పువ్వు. గోధుమలు విసిరి జల్లించాక వచ్చే మెత్తటి, తెల్లటి భాగాన్ని ‘గోధుమ పువ్వు’ అనేవారు. దేనిలోనైనా మేలైన భాగం దాని పువ్వు. చాలాకాలం రెండింటికీ ఒకటే స్పెల్లింగు. శామ్యూల్ జాన్సన్ 1755లో వేసిన పేరున్న నిఘంటువులో కూడా పిండికి వేరే స్పెల్లింగు లేదు, పువ్వు కిందే ఉంది. తర్వాత విడిపోయి పిండికి ‘ఓ యు ఆర్’, పువ్వుకి ‘ఓ డబ్ల్యూ ఈ ఆర్’ మిగిలాయి. మనం మాత్రం కార్న్‌ఫ్లోర్ అని నేలలాగా పలికి, బోర్డు మీద కూడా నేలలాగే రాస్తున్నాం.

ఇదంతా చెబితే అతను కుంచె ఝాడించడం ఆపేశాడు. ‘‘అన్నం బాగా పొడిపొడిగా ఉంటే మా ఆవిడ మల్లెపువ్వులా ఉందంటుందండీ’’ అన్నాడు.

‘‘అదే మాట. వాళ్ళు పిండిని చూసి అన్నారు.’’

జేబులోంచి సుద్దముక్క తీసి, బోర్డు కింద ఇంకా రంగు పడని గోడ మీద ‘ఎఫ్ ఎల్ ఓ యు ఆర్’ అని నెమ్మదిగా రాసుకున్నాడు. ‘యు’ దగ్గర ఒకసారి నా మొహం చూశాడు. ఔనని తల ఊపాను. ఆ అయిదు అక్షరాల పక్కన చిన్న పువ్వు గీసి, ‘‘ఇది కూడా వేస్తానంటే మిల్లు వాళ్ళు ఒప్పుకుంటారంటారా మాస్టారూ?’’ అని అడిగాడు.

‘‘ఎందుకు వేశావని అడిగితే, ఇందాక విన్నది చెప్పు’’ అన్నాను.